ముందు బూట్లు, ఆ తర్వాతే బోర్డు

చలికాలం సెలవులు దగ్గరపడుతుంటే అమెరికా, కెనడాల్లో చదువుకుంటున్న మన పిల్లల గదుల్లో ఒకటే చర్చ. డెన్వర్‌లో ఉన్నవాళ్లు రాకీ పర్వతాలకు, సియాటెల్‌లో ఉన్నవాళ్లు స్నోక్వాల్మీ కనుమకు, న్యూజెర్సీ వాళ్లు మౌంటెన్ క్రీక్‌కో పెన్సిల్వేనియా కొండలకో, టొరంటో వాళ్లు బ్లూ మౌంటెన్‌కు కార్లు మాట్లాడుకుంటారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండలో క్రికెట్ ఆడినవాళ్లు, సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వింటూ పరీక్షలకు చదివినవాళ్లు, కోరుట్లలో బస్సెక్కి తొలిసారి హైదరాబాద్ చూసినవాళ్లు రెండు కాళ్లూ స్నోబోర్డు అనే ఒకే పలకకు కట్టుకుని మంచు వాలు దిగుతారంటే ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకు భయం వేస్తుంది. ఫోటో వచ్చాక ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయేదీ వాళ్లే.

వెళ్లబోయేవాళ్లు సీనియర్లను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "అన్నా, బోర్డు ఏది కొనాలె?" అడగవలసిన ప్రశ్నల్లో ఇది నాలుగోదో ఐదోదో. బ్యాంకు లోను మీద చదువుకుంటున్న పిల్లలు, క్యాంపస్ ఉద్యోగంలో గంటల లెక్కన సంపాదించిన డబ్బుతో కొనే వస్తువు ఇది. కాబట్టి ఏది ముందు కొనాలి, ఏది అద్దెకు తెచ్చుకుంటే చాలు, చవగ్గా వస్తున్నా దేన్ని వదిలేయాలి అన్నది నెమ్మదిగా, వివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందు డబ్బు సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే కొత్త బోర్డు సుమారు 300 నుంచి 400 డాలర్లు ఉంటుంది. కాళ్లను బోర్డుకు బిగించే బైండింగులు 150 నుంచి 200, బూట్లు ఇంకో 150 నుంచి 200. అన్నీ కలిపితే 600 నుంచి 800 డాలర్లు, మన లెక్కలో అర లక్ష రూపాయలు దాటిపోతుంది. అదే అద్దెకు తీసుకుంటే మొత్తం సామాను రోజుకు దాదాపు 40 నుంచి 60 డాలర్లకు దొరుకుతుంది. కొండ మీది రిసార్టులో కంటే కింద ఊళ్లోని దుకాణంలో ఇంకా తక్కువ. అంటే పన్నెండు, పదిహేను రోజులు మంచు మీద గడిపితేగాని కొన్న డబ్బు గిట్టుబాటు కాదు. సెమిస్టర్ల మధ్య ఏడాదికి మూడు నాలుగు రోజులు వెళ్లే విద్యార్థికి ఆ లెక్క తీరడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా చదువు పూర్తవుతుంది, ఉద్యోగం టెక్సాస్‌లోనో జార్జియాలోనో వస్తుంది, బోర్డు అపార్ట్‌మెంట్ అల్మారాలో పడి ఉంటుంది.

అందుకే మొదటి మూడు నాలుగు రోజులు తప్పకుండా అద్దె సామానుతోనే గడపాలి. మొదటిసారి వచ్చేవాళ్ల కోసం చాలా రిసార్టులు లిఫ్టు టికెట్టు, సామాను, శిక్షకుడి పాఠం కలిపి ఒకే ధరకు ఇస్తాయి. అమెరికాలో జనవరిని కొత్తవాళ్లు నేర్చుకునే నెలగా పాటిస్తారు, అప్పుడు ఇలాంటివి ఎక్కువ. పెద్ద రిసార్టుల్లో కౌంటర్ దగ్గర కొనే ఒకరోజు టికెట్టే 200 డాలర్లు దాటుతున్న రోజుల్లో ఈ తొలి పాఠం ప్యాకేజీని మించిన బేరం లేదు. స్నేహితుడు నేర్పిస్తానన్నాడని పాఠం మానేస్తే నష్టపోయేది మీరే. స్నేహితుడు తనకు నచ్చిన వాలుకు తీసుకెళ్తాడు, శిక్షకుడు మీకు తగిన వాలు దగ్గర ఆపుతాడు. ఈ ఆట మీకు పట్టుబడిందనీ, ఈ చలికాలం ఇంకో పదిసార్లయినా వెళ్తాననీ అనిపిస్తే సీజన్ అద్దె అనే ఏర్పాటు ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సామాను మీ దగ్గరే ఉంచుకోవచ్చు. దాని ధర సుమారుగా నాలుగైదు రోజుల అద్దెతో సమానం. కొనడానికీ రోజు అద్దెకూ మధ్య ఇంత మంచి మెట్టు ఉన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

కొనడం మొదలుపెడితే మొదట కొనవలసింది బూట్లు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. అద్దె బోర్డు మీద ఎన్ని గీతలున్నా నేర్చుకోవచ్చు. ఎన్నో పాదాలు తొడిగి వదులైపోయిన అద్దె బూటుతో మాత్రం మంచి బోర్డు కూడా మాట వినదు. బోర్డును తిప్పేది చేతులు కాదు, మడమా కాలివేళ్లూ. వేళ్ల మీద బరువు వేస్తే ముందు అంచు మంచులోకి దిగుతుంది, మడమ మీద వేస్తే వెనక అంచు దిగుతుంది. బూటులో మడమ పైకి లేస్తుంటే మీరు వేసిన బరువు అంచుకు చేరేలోగా క్షణం దాటిపోతుంది. ఆ క్షణంలోనే పడిపోతాం.

బూటు చూసే పద్ధతి ఇలా ఉంటుంది. పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి ఆ కొలతతో మొదలుపెట్టాలి, మామూలు చెప్పుల సైజుతో కాదు. ఒక్క జత పల్చటి ఉన్ని మేజోళ్లు వేసుకుని బూటు తొడిగి, మడమను నేలకు తట్టి వెనక్కి సర్దుకుని బిగించాలి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందుభాగాన్ని తాకీతాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కాస్త వెనక్కి రావాలి. వేళ్ల మీద లేచినప్పుడు మడమ బూటు అడుగును వదలకూడదు. కొత్త బూటు కొన్నాళ్లు వాడాక లోపలి మెత్త అణిగి దాదాపు అర సైజు వదులవుతుంది. అందుకని దుకాణంలో హాయిగా, విశాలంగా అనిపించిన బూటు నెల తిరిగేసరికి పెద్దదైపోతుంది. పిల్లలకు పండగ బట్టలు ఒక సైజు పెద్దవి కుట్టించే అలవాటు మనది. ఆ అలవాటును ఈ దుకాణం గుమ్మం బయటే వదిలేయాలి. రెండు జతల నూలు మేజోళ్లు వేసుకోవడం కూడా మనవాళ్లు చేసే పనే. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, దాంతో పాదం ఇంకా చల్లబడుతుంది. బిగింపుకు మామూలు లేసులున్నా, తీగను బిగించే బోవా చక్రం ఉన్నా కొత్తవాళ్లకు పెద్ద తేడా లేదు. బూటు కాస్త మెత్తగా వంగేదై ఉంటే చాలు.

బూట్ల తర్వాత హెల్మెట్టు, మణికట్టు పట్టీలు. కొత్తగా స్నోబోర్డు నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. పడబోతూ చెయ్యి చాచి నేలకు ఆనించడం మనిషి నైజం, ఒంటి బరువంతా అక్కడ పడుతుంది. కొద్దిపాటి డాలర్లకు వచ్చే పట్టీలు ఆ ఎముకను చాలావరకు కాపాడతాయి. హెల్మెట్టు మాత్రం ఎవరి దగ్గరా పాతది కొనవద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు లోపల నలిగిపోయినా పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. విద్యార్థి ఆరోగ్య బీమా కాగితాల్లో మంచు ఆటల గాయాలకు వర్తింపు ఉందో లేదో కొండకు బయలుదేరే ముందే చదువుకోవాలి. అక్కడ మణికట్టు విరిగితే వచ్చే ఆసుపత్రి బిల్లు ముందు బోర్డు ధర ఏపాటిది!

ఇక బోర్డు. మొదట చూడవలసింది పొడవు. బోర్డును నిలబెట్టి గడ్డం దాకా వచ్చిందా, ముక్కు దాకా వచ్చిందా అని చూసే పాత కొలత ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని నమ్మవద్దు. మంచు మీద పలకను వంచేది మీ బరువు, ఎత్తు కాదు. ప్రతి తయారీదారూ ఒక్కో పొడవుకు ఇంత బరువు అని పట్టిక ఇస్తాడు, దాన్నే చూడాలి. సుమారు అంచనా కావాలంటే 60 కిలోల మనిషికి 148 నుంచి 152 సెంటీమీటర్లు, 70 కిలోలకు 152 నుంచి 157, 80 కిలోలకు 156 నుంచి 160. కొత్తవాళ్లు ఆ పరిధిలో తక్కువ కొస తీసుకోవాలి. పొట్టి బోర్డు సులభంగా తిరుగుతుంది. పొడవాటిది వేగంలో నిలకడగా ఉంటుంది, కాని మొదటి ఏడాది మనకు ఆ వేగంతో పని లేదు.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అరవై, అరవై అయిదు కిలోల కుర్రాడు అక్కడి సహోద్యోగి దగ్గర 162 సెంటీమీటర్ల బోర్డు సగం ధరకు వస్తోందని కొనేస్తాడు. ఎనభై అయిదు, తొంభై కిలోల మనిషి కోసం చేసిన పలక అది. వీడి బరువుకు వంగదు, తిప్పబోతే తిరగదు. రెండు రోజులు అవస్థపడి ఈ ఆట నా వల్ల కాదనుకుంటాడు. లోపం మనిషిలో లేదు, పలకలో ఉంది. దీనికి ఇంకో పక్క కూడా ఉంది: సీజన్ చివరి అమ్మకాల్లో బాగా గిరాకీ ఉన్న మధ్య సైజులు ముందే అయిపోతాయి, బాగా చిన్నవీ బాగా పెద్దవీ మిగులుతాయి. తేలికగా ఉండే మనవాళ్లకు 147, 149, 150 సెంటీమీటర్ల బోర్డులు అప్పుడు తరచుగా మంచి ధరకు దొరుకుతాయి.

పొడవుతోపాటు వెడల్పు. బోర్డు నడుము దగ్గరి వెడల్పును మిల్లీమీటర్లలో ఇస్తారు. దానికి అడ్డంగా మన బూటు నిలుస్తుంది. బోర్డు మరీ సన్నగా ఉంటే బూటు కొసలు బయటికి పొడుచుకొచ్చి, వాలు మీద వంగినప్పుడు మంచును గీరుకుని మనిషిని పడేస్తాయి. మరీ వెడల్పైతే వేళ్ల బరువు అంచు దాకా అందదు. బూటు రెండు వైపులా ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉండటం మామూలే. అమెరికా సైజు 8, 9 తొడిగేవాళ్లకు 245 నుంచి 252 మిల్లీమీటర్ల నడుము సుమారుగా సరిపోతుంది. 11 దాటితేనే "వైడ్" అని రాసినవి చూడాలి. ఆడవాళ్ల కోసం చేసే బోర్డులు సన్నగా, కాస్త మెత్తగా ఉంటాయి. చిన్న పాదం, తక్కువ బరువు ఉన్న మగపిల్లలకు కూడా అవి చక్కగా కుదురుతాయి. మంచుకు ఆ తేడా తెలియదు, కాబట్టి మొహమాటపడనక్కర్లేదు.

ఆ తర్వాత వంపు. బోర్డును చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. మధ్యభాగం లేచి, రెండు కొసల దగ్గర నేలను తాకితే దాన్ని క్యాంబర్ అంటారు. మధ్యలో తాకి కొసలు ముందుగానే పైకి లేస్తే రాకర్. పూర్తిగా చదునైనవీ ఉన్నాయి, రెండూ కలిపిన మిశ్రమాలు ఇంకా ఎక్కువ. కొత్తవాడు పడే అన్ని పడటాల్లోకీ పాడుది, వాలుకు దిగువన ఉన్న అంచు అకస్మాత్తుగా మంచులో దిగబడి బోర్డు ఆగిపోవడం. బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. రాకర్ బోర్డుకు కొసల దగ్గర అంచు కాస్త పైకి ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. క్యాంబర్ అంచు పొడవునా మంచును పట్టుకుంటుంది. నేర్చినవాడికి అదే బలం, నేర్వనివాడికి అదే గండం.

అయితే పూర్తి రాకర్ కొనమని నేను చెప్పను. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అంటారియో కొండల మీద మంచు పగలు కాస్త కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టి రాయిలా ఉంటుంది. దాని మీద రాకర్ బోర్డు పట్టులేక పక్కకు జారిపోతుంది. కొలరాడో, యూటాలలో పొడిమంచు ఎక్కువ కాబట్టి అక్కడ రాకర్‌తో ఇబ్బంది తక్కువ. తూర్పున ఉన్నవాళ్లు కాళ్ల మధ్య చదునుగానో కొద్దిపాటి క్యాంబర్‌తోనో ఉండి కొసలు మాత్రం పైకి లేచిన మిశ్రమ బోర్డు తీసుకోవడం మేలు. యూటా వెళ్లేవాళ్లకు ఇంకో మాట: ఆల్టా, డీర్ వ్యాలీ రిసార్టుల్లో స్నోబోర్డులను అసలు రానివ్వరు, అవి స్కీలకే. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ కూడా అంతే. టికెట్టు కొనేముందు చూసుకోవాలి.

బోర్డు ఎంత మెత్తగా వంగుతుందో ఒకటి నుంచి పది దాకా అంకెతో చెబుతారు. ఈ అంకెకు పరిశ్రమ అంతటికీ ఒకే కొలబద్ద లేదు. ఒక కంపెనీ నాలుగు ఇంకో కంపెనీ ఐదు కావచ్చు. ఆరంభంలో ఉన్నవాళ్లకు రెండు నుంచి నాలుగు, మధ్యస్థాయికి చేరినవాళ్లకు నాలుగు నుంచి ఆరు. ఈ మెత్తదనం ఎక్కడినుంచి వస్తుందో సిరిసిల్లలో పెరిగినవాళ్లకు చెప్పడం తేలిక. బోర్డు నడుమ పాప్లర్, పౌలోనియా, వెదురు వంటి తేలికైన చెక్క ఉంటుంది. దానికి పైనా కిందా గాజుపోగుల పొర వేసి జిగురుతో, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. చవక బోర్డుల్లో ఆ పోగులు రెండే దిక్కులకు ఉంటాయి, నిలువుగా, అడ్డంగా, అచ్చం మగ్గం మీద పడుగూ పేకల మాదిరి. అలాంటి గుడ్డను మూలల్లో పట్టి ఐమూలగా లాగితే సాగుతుందని నేతవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ బోర్డు కూడా అదే కారణంతో మెలితిప్పితే మెత్తగా తిరుగుతుంది. ఖరీదైన బోర్డుల్లో నిలువు పోగులతో పాటు ఐమూలగా రెండు దిక్కులకు పోగులు వేస్తారు, దాంతో మెలిక గట్టిపడుతుంది. కొత్తవాడు ఒక కాలి వేళ్లను కాస్త నొక్కి బోర్డు ముందు కొసను మెలితిప్పడంతోనే మలుపు తిరగడం నేర్చుకుంటాడు. అంటే చవకరకం అల్లికే అతనికి మంచిది. ఎక్కువ డబ్బు పెట్టి గట్టిదనాన్ని కొనుక్కోవడం ఈ దశలో చేజేతులా కష్టం తెచ్చుకోవడమే.

అడుగుభాగం సంగతీ ఇంతే. రెండు రకాలూ పాలిథిలీన్ ప్లాస్టిక్కే. కరిగించి రేకుగా తీసినది ఎక్స్‌ట్రూడెడ్, పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరిచి పల్చగా చెక్కినది సింటర్డ్. రెండోదానిలో సన్నటి రంధ్రాలుంటాయి, అవి మైనాన్ని పీల్చుకుని వేగంగా జారతాయి. మైనం పెట్టకపోతే ఆ వేగం పోతుంది, డబ్బు దండగ. మొదటిది నెమ్మది, కాని మైనం లేకున్నా పని నడుస్తుంది, గీత పడితే ప్లాస్టిక్ కడ్డీ కరిగించి పూడ్చుకోవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేవాళ్లకు మొదటిదే చాలు.

ధర తేడాలో ఇవిగాక బొమ్మల పాలు, పేరు పాలు చాలా ఉంటాయి. ఈ ఆట ఖరీదైన సరుకుగా పుట్టలేదు. 1965లో మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో షెర్మన్ పోపెన్ అనే ఆయన తన కూతుళ్ల కోసం రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించి ఇచ్చాడు. అది స్నర్ఫర్ పేరుతో పిల్లల ఆటవస్తువుగా అమ్ముడుపోయింది. జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో ఇది పతకాల క్రీడ అయింది. ఇవాళ బర్టన్ రిప్‌కార్డ్, ఇన్‌స్టిగేటర్, సాలమన్ పల్స్, కే2 స్టాండర్డ్, రైడ్ అజెండా, ఆర్బర్ ఫౌండేషన్ వంటివి కొత్తవాళ్ల కోసం చేసిన బోర్డులుగా పేరుపడ్డాయి. డెకథ్లాన్ కంపెనీకి డ్రీమ్‌స్కేప్ అనే సొంత రకం ఉంది, యూరప్‌లో చదివే మన పిల్లలకు అది అందుబాటు ధరలో ఉంటుంది. వీటిలో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని తేల్చనక్కర్లేదు. మీ బరువుకు, మీ పాదానికి సరిపోయే సైజు ఏ పేరు మీద తక్కువ ధరకు దొరికితే అదే మీ బోర్డు. మార్చి నెల మొదలుకొని దుకాణాలు ఆ ఏటి సరుకును వదిలించుకోవడానికి ధర బాగా తగ్గిస్తాయి. చాలా మోడళ్లలో మరుసటి ఏడాదికి మారేది పైన బొమ్మే. డిసెంబరులో పూర్తి ధర పెట్టి కొనడానికి బహుమతి ఇచ్చే తొందర తప్ప వేరే కారణం ఉండదు.

పాత సామాను కొనేవాళ్లు కళ్లతో చూసి, చేత్తో తడిమి కొనాలి. ఫోటో చూసి డబ్బు పంపవద్దు. చుట్టూ ఉన్న ఉక్కు అంచును వేలితో మెల్లగా తడుముతూ వెళ్లండి. పైపైన తుప్పు రుద్దితే పోతుంది, అంచు విరిగి లేదా వంగి బయటికి వచ్చి ఉంటే ఆ బోర్డు వద్దు. కొసల దగ్గర పొరలు విడిపోయి సందు కనిపిస్తే లోపలికి నీరు చేరినట్టే. అడుగున గీత లోతుగా పడి చెక్క కనబడుతుంటే దానికీ అదే గతి. బైండింగుల మధ్యలోనో, కాళ్లు నిలిచే చోటనో పైపొర మీద అడ్డంగా సన్నని పగుళ్లుంటే బోర్డు ఎప్పుడో గట్టిగా వంగి దెబ్బతింది. స్క్రూలు పట్టే రంధ్రాల్లో మరలు అరిగిపోయాయేమో ఒక స్క్రూ బిగించి చూడాలి. గీతలు, చిరిగిన స్టిక్కర్లు, పైరంగు పోవడం వంటివి బేరమాడటానికి పనికొస్తాయి, అంతకంటే వాటికి విలువ ఇవ్వవద్దు.

పాతది కొన్నవాళ్లు ఇరుక్కునే ఇంకో చోటు బైండింగుల జత. చాలా బోర్డులకు నాలుగేసి సెంటీమీటర్ల దూరంలోనో, ఒక వరసలో రెండేసి సెంటీమీటర్ల దూరంలోనో స్క్రూ రంధ్రాలు ఉంటాయి. ఇవాళ్టి బర్టన్ బోర్డులకు రంధ్రాల బదులు పొడవాటి గాడి ఉంటుంది. పాత బర్టన్ బోర్డుల్లో మూడు రంధ్రాల పద్ధతి ఉండేది. మీరు విడిగా కొన్న బైండింగు పళ్లెం ఆ బోర్డుకు సరిపోతుందో లేదో ముందే అడగాలి. స్టెప్ ఆన్ అనే రకం పట్టీలు లేకుండా బూటునే పట్టుకుంటుంది, దానికి ప్రత్యేకమైన బూట్లే కావాలి. బైండింగులు ఒక్కటే చవగ్గా వస్తున్నాయని ఆ రకం కొంటే బూట్లకు రెండోసారి ఖర్చు తప్పదు. పదేళ్లు దాటిన పట్టీల ప్లాస్టిక్ చలికి పెళుసెక్కి వాలు మధ్యలో విరగవచ్చు. బోర్డు పాతది, బైండింగులు కొత్తవి అనే కలయిక డబ్బుకూ ఒంటికీ మంచిది. ఏ కాలు ముందు పెట్టాలో కూడా ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు: ఎవరినైనా చెప్పకుండా వెనకనుంచి మెల్లగా తోయమనండి, ఏ కాలు ముందుకు వేసి ఆగారో ఎక్కువసార్లు అదే. రెండు కొసలూ ఒకే ఆకారంలో ఉన్న ట్విన్ బోర్డైతే ఆ అంచనా తప్పినా బైండింగులు మార్చుకుని వాడుకోవచ్చు.

అసలు కొననే కూడని వాళ్ల గురించి కూడా చెప్పాలి. మన జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్లల నుంచి అమెరికాకు వెళ్లినవాళ్ల కంటే గల్ఫ్‌కు వెళ్లినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. దుబాయ్‌లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ లోపల 2005లో స్కీ దుబాయ్ తెరిచారు. 22,500 చదరపు మీటర్ల చోటులో అసలైన మంచు, అయిదు వాలులు, వాటిలో పొడవైనది 400 మీటర్లు. వాలు టికెట్టులోనే బోర్డు, బూట్లు, జాకెట్టు, ప్యాంటు అన్నీ ఇస్తారు. ఏడాదికి ఒకసారి సెలవు దొరికిన రోజున తమ్ముళ్లతో కలిసి వెళ్లాలనుకునేవాళ్లు ఆ టికెట్టుకూ, మొదటి పాఠానికీ డబ్బు దాచుకుంటే చాలు. న్యూజెర్సీలో 2019 డిసెంబరులో తెరిచిన బిగ్ స్నో కూడా ఇలాంటి లోపలి వాలే. కొండకు నాలుగు గంటలు కారు నడపలేనివాళ్లకు తొలి పాఠం అక్కడ నేర్చుకోవడం హాయి. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో పిల్లలు మంచుతో ఆడుకోవచ్చు, బోర్డు నేర్చుకునే వాలు మాత్రం అక్కడ దొరకదు.

ఇక్కడే ఉండి నేర్చుకోవాలనుకునేవాళ్లకు దారి కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్. 2,600 మీటర్లకు పైన ఉన్న ఆ మైదానంలో మెత్తటి చిన్న వాలులున్నాయి, బోర్డులు అద్దెకు దొరుకుతాయి. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు వాలు పోటీలు జరుగుతున్నదీ అక్కడే. రోప్‌వే రెండో అంచె అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడి మంచు చదును చేసింది కాదు, హిమపాతాల ప్రమాదమూ ఉంది. నేర్చుకునేవాళ్లు ఏ గైడు పిలిచినా ఆ అంచె ఎక్కకూడదు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్‌లోని సోలాంగ్ కూడా కొత్తవాళ్లు వెళ్లే చోట్లే. వీటి కోసం బోర్డు కొని రైల్లోనో విమానంలోనో మోసుకెళ్లాల్సిన పని లేదు. చేతనైతే మంచి చేతితొడుగులు, కళ్లద్దాలు, ఉన్ని మేజోళ్లు వెంట తీసుకెళ్లండి. అద్దె సామానులో ఎక్కువగా పాడై ఉండేవి అవే.

బట్టలకు ఎక్కువ ఖర్చు పెట్టవద్దు. జీన్స్ ప్యాంటుతో మంచులోకి దిగితే అరగంటలో తడిసి గడ్డకడుతుంది. ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా ఉన్ని లోదుస్తు, దాని మీద ఫ్లీస్, పైన నీరు చొరని జాకెట్టు, ప్యాంటు, ఈ మూడు పొరలు చాలు. జాకెట్టు మీద 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే అది నీటి ఒత్తిడిని ఆపే కొలత, మామూలు రోజుకు అది సరిపోతుంది. ఈ బట్టలు పాతవి కొన్నా, రూమ్మేటు దగ్గర అడిగి తీసుకున్నా నష్టం లేదు. మిగిల్చిన ఆ డబ్బు బూట్లకు పెట్టండి.

మధ్యస్థాయికి చేరామని ఎలా తెలుస్తుంది? ఆకుపచ్చ గుర్తున్న వాలులు దాటి నీలం గుర్తున్న వాలు మీద, ముందు అంచు నుంచి వెనక అంచుకూ మళ్లీ ముందు అంచుకూ ఆగకుండా మలుపులు కలుపుతూ దిగగలిగితే మీరు చేరినట్టే. అప్పుడు మెత్తటి బోర్డు వేగంలో కొట్టుకులాడుతుంది, గట్టిమంచు మీద అంచు పట్టు వదులుతుంది. ఆ రెండూ కనిపించాక బోర్డు మార్చే ఆలోచన చేయాలి, అంతకుముందు కాదు. మెత్తదనం నాలుగు నుంచి ఆరు మధ్య, కాళ్ల కింద స్పష్టమైన క్యాంబర్, సింటర్డ్ అడుగు ఉన్నవి ఇప్పుడు అక్కరకొస్తాయి. బర్టన్ కస్టమ్ వంటి పేరున్న బోర్డులు ఈ దశ దాటుతున్నవాళ్లవి, ధర కూడా మొదటి బోర్డుకు దాదాపు రెట్టింపు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ఆట కొనసాగిస్తానన్న నమ్మకం ఉండి, అద్దె బోర్డు మీద నాలుగైదు రోజులు గడిపి, మలుపులు కలపడం అప్పుడే అబ్బుతున్నవాళ్లు మరీ మెత్తటి తొలి బోర్డును కొనకుండా దాటేయడమే మంచిది. మెత్తదనం నాలుగు ఉన్న, కాళ్ల కింద కొద్దిగా క్యాంబర్, కొసల దగ్గర ఎత్తు ఉన్న ట్విన్ బోర్డును ఏప్రిల్ అమ్మకంలో కొంటే అదే మూడు నాలుగు చలికాలాలు సాగుతుంది. రెండు బోర్డుల ఖర్చు ఒకదానితో తీరిపోతుంది. ఇంకా పడుతూ లేస్తూ ఉన్నవాళ్లు మాత్రం తొందరపడి ఈ మెట్టు ఎక్కవద్దు, ఇంకో సీజన్ అద్దెతోనే గడపండి.

కొన్న బోర్డును కాపాడుకోవడం పెద్ద పనేం కాదు. కొండ దిగగానే అంచులను గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడి సంచిలో చుట్టి కారు డిక్కీలో వదిలేస్తే వారంలోనే తుప్పు పడుతుంది. ఏడాదికి ఒకసారి దుకాణంలో అంచులు సానపట్టించి మైనం పెట్టించండి. ఏప్రిల్‌లో ఆఖరిసారి వాడాక అడుగున మందంగా మైనం పూసి, గీకకుండా అలాగే వదిలి, బైండింగు స్క్రూలు కాస్త వదులు చేసి, హీటరుకు దూరంగా, గచ్చు మీద కాకుండా ఏదైనా గోడకు ఆనించి పెట్టండి. డిసెంబరులో ఆ మైనం గీకి, స్క్రూలు బిగించి, పట్టీలు ఒకసారి లాగి చూసుకుని బయలుదేరవచ్చు.